శివుడి గీత మీద కాజీపేట జంక్షన్

కిందటి నెల మా మనవరాలి స్కూల్లో సైన్సు ఎగ్జిబిషన్ జరిగింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. సాయంత్రం చేతిలో కప్పుతో వచ్చింది. ఫస్టు ప్రైజు. నేనూ సంబరపడ్డాను. ఏం మోడల్ చేశావమ్మా అని అడిగితే చుట్ట చుట్టిన చార్టు విప్పి చూపించింది. నాకు నోట మాట రాలేదు.

చార్టు మీద భారతదేశం. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిచి ప్రింటు తీసిన బొమ్మ. పైన కేదారనాథ్ నుంచి కింద రామేశ్వరం దాకా ఎర్ర స్కెచ్ పెన్నుతో నిలువుగా ఒక గీత. గీత మీద ఎనిమిది శివాలయాలు. పైన రంగు కాగితాలు కత్తిరించి అతికించిన అక్షరాల్లో "79 డిగ్రీల రేఖాంశం - మన పూర్వీకుల శాటిలైట్ విజ్ఞానం". కింద చిన్న అక్షరాల్లో "జీపీఎస్ లేని రోజుల్లో ఇది ఎలా సాధ్యం?"

మిత్రులారా, ఈ ఫార్వర్డు మీ ఫోనుకీ వచ్చే ఉంటుంది. శివరాత్రికి తప్పకుండా వస్తుంది. మా ఇంటికి వచ్చింది మాత్రం మా తోడల్లుడి దగ్గర్నుంచి. ఆయన నీటిపారుదల ఇంజనీరుగా చేసి రిటైరయినవారు. జీవితమంతా లెవెలింగు యంత్రం కాలవ గట్ల మీద నిలబెట్టి, అంగుళం తేడా వస్తే కింది వాళ్లను తిట్టిన మనిషి. ఆయన పంపాడు, పిల్ల నమ్మింది. పెదతాతయ్య ఇంజనీరు కదా! టీచరూ నమ్మింది, జడ్జీలూ నమ్మారు. ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఆ గ్లోబు తెరిచి కొలిచి చూడలేదు. తెరిచారు, ప్రింటు తీశారు, కొలవలేదు. నా బాధ అదీ.

నేను బీకాం చదివినవాణ్ణి. భూగోళశాస్త్రం నాకు పదో తరగతితో సరి. రక్షణ పద్దుల శాఖలో ముప్పై నాలుగేళ్లు బిల్లులు, వోచర్లు సరిచూడటమే నా పని. ఆ పనికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఎదుటివాడు కూడి చూపించిన మొత్తాన్ని మళ్లీ మనం కూడి చూడాలి, అంతే. ఈ ఫార్వర్డు విషయంలో నేను చేసింది కూడా అంతే.

ముందు అంకెలు. గమ్మత్తేమిటంటే, ఇవి దాచిన అంకెలు కావు, ఫార్వర్డులోనే ఉంటాయి. కేదారనాథ్ 79.07, కాళేశ్వరం 79.91, శ్రీకాళహస్తి 79.70, కంచి ఏకామ్రేశ్వరుడు 79.70, అరుణాచలం 79.07, చిదంబరం 79.69, రామేశ్వరం 79.32, తిరుచ్చి దగ్గరి జంబుకేశ్వరం 78.71. పెద్దదానిలోంచి చిన్నది తీసెయ్యండి. 1.20 డిగ్రీలు. మన ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశం అంటే దాదాపు 107 కిలోమీటర్లు. అంటే ఈ "ఒకే గీత" వెడల్పు సుమారు 128 కిలోమీటర్లు. సికింద్రాబాదులో రైలెక్కి కాజీపేటలో దిగేంత దూరం అన్నమాట. మా తోడల్లుడు తవ్వించిన కాలవ ఇంత పక్కకు పోయుంటే పెన్షను వచ్చేది కాదు.

మరి బొమ్మలో తిన్నగా ఎందుకు కనిపిస్తుంది? ఇక్కడే గ్లోబు వాడకం తెలియాలి. కేదారనాథ్ నుంచి రామేశ్వరానికి సుమారు 2,380 కిలోమీటర్లు. అదంతా కాగితం మీద పది సెంటీమీటర్లకు కుదిస్తే, 128 కిలోమీటర్ల వెడల్పు అయిదు మిల్లీమీటర్లు దాటి కొంచెం ఉంటుంది. స్కెచ్ పెన్ను కాస్త లావుగా గీసి, ఒక్కో గుడికి ఒక్కో శివలింగం బొమ్మ అతికిస్తే, ఆ అయిదు మిల్లీమీటర్లు బొమ్మల కిందే మాయమైపోతాయి. గ్లోబు అబద్ధం చెప్పలేదు. దూరంగా జరిగి చూసినవాడు దగ్గరికి రాలేదు, అంతే. మౌసు చక్రం నాలుగుసార్లు తిప్పితే కంచి నుంచి అరుణాచలం ఎంత పక్కకు ఉందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.

ఇక రెండో సంగతి, నాకు ముఖ్యమైనది. జాబితా ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఆడిట్లో మాకు ఒక నియమం ఉండేది. ఏ వోచర్లు తనిఖీ చెయ్యాలో ఆఫీసువాడు ఎంచి ఇవ్వకూడదు. వాడు ఎంచి ఇచ్చిన వోచర్లన్నీ సరిగ్గానే ఉంటాయి, అందుకే ఎంచి ఇచ్చాడు. శివాలయాల్లో ప్రసిద్ధమైన జాబితా ఏది? పన్నెండు జ్యోతిర్లింగాలు. ఆ జాబితా మనం రాసింది కాదు, పాతది, మార్చడానికి వీల్లేనిది. దాన్ని గ్లోబు మీద పెట్టండి. సోమనాథ్ 70.4 దగ్గర, కాశీ 83 దగ్గర, దేవఘర్ వైద్యనాథుడు 86.7 దగ్గర. పన్నెండింట్లో ఈ గీతకు చేరేవి మూడే. కేదారనాథ్, రామేశ్వరం, మన శ్రీశైలం. తమాషా చూడండి, శ్రీశైలం 78.87, దర్జాగా ఆ పట్టీలోనే ఉంది, అయినా ఫార్వర్డులో దాని పేరే లేదు! వేములవాడ కూడా ఉంది, హనుమకొండ వేయిస్తంభాల గుడి కూడా ఉంది. వాటి పేర్లూ లేవు. గ్లోబు మీద వెతికి రాసిన జాబితా అయితే ఇవి తప్పిపోవు. తొమ్మిది జ్యోతిర్లింగాలను పక్కనపడేసి, ఉన్నవాటిలో ఒకదాన్ని మర్చిపోయి, కావలసినవి ఏరుకున్న జాబితాకు విజ్ఞానం అని పేరు.

ఇలా ఏరుకోవచ్చునంటే నేనూ ఏరుకోగలను. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని అదే పట్టీలో, అవే 78.7కూ 79.9కూ మధ్య, రైల్వే జంక్షన్లు వెతికాను. బరేలీ 79.4. నాగపూర్ 79.1. బల్హార్షా 79.35. కాజీపేట 79.5. గూడూరు 79.85. రేణిగుంట 79.5. అరక్కోణం 79.67. కాట్పాడి 79.1. విల్లుపురం 79.5. తొమ్మిది! శివుడికి ఎనిమిది, రైల్వేకి తొమ్మిది. తెల్లదొరలు శాటిలైటు లేని రోజుల్లో బరేలీ నుంచి విల్లుపురం దాకా ఒకే రేఖాంశం మీద జంక్షన్లు ఎలా కట్టారో సాధ్యమైతే వివరించండి. టీ, సమోసాల శక్తి ఆ రేఖ వెంబడి ప్రవహిస్తున్నట్టుంది.

ఇది చూపిస్తే మా తోడల్లుడు వెంటనే ఒప్పుకోలేదు. ఇంజనీరు కదా, మంచి ప్రశ్నే వేశాడు. "అవన్నీ సరే తమ్ముడూ, కాళహస్తి, కంచి, చిదంబరం సంగతేమిటి? ఆ మూడూ నిజంగానే ఒక గీత మీద ఉన్నాయిగా" అన్నాడు. నిజమే. నేను కొలిచాను. ఆ మూడింటి మధ్య అడ్డంగా ఉన్న తేడా కిలోమీటరు లోపే, దాదాపు 700 మీటర్లు. ఉన్నదాన్ని లేదనడం హేతువాదం కాదు. కాకతాళీయంగా ఇలా కలవడం అరుదే. ఆ మాట ఒప్పుకునే మిగతా లెక్క చూద్దాం.

ఆ మూడూ పంచభూత స్థలాల్లోవి. వాయువు, భూమి, ఆకాశం. మిగతా రెండు? అగ్ని అరుణాచలం, ఈ మూడింటి గీతకు 68 కిలోమీటర్లు పడమరగా ఉంది. నీరు జంబుకేశ్వరం, వంద కిలోమీటర్ల పైనే పక్కకు ఉంది. మూడు గుళ్లను 700 మీటర్ల తేడాలో నిలబెట్టగలిగిన మహానుభావులు నాలుగోదాన్ని 68 కిలోమీటర్లు ఎలా తప్పారు? పైగా అరుణాచలం కొండ. కొండను జరపలేరు, గుడిని ఎక్కడైనా కట్టుకోవచ్చు. ఎవరైనా నిజంగా పథకం వేసుకుని గీత గీస్తే కదలని కొండ దగ్గర మొదలుపెట్టి మిగతా గుళ్లను దాని వరుసలో కడతారు. ఇక్కడ కదలనిదే గీత బయట ఉంది.

ఇంకో జాబితా పెట్టి చూడండి. మన పంచారామాలు. అమరావతి 80.36, భీమవరం 81.52, పాలకొల్లు 81.73, ద్రాక్షారామం 82.06, సామర్లకోట 82.17. రేఖాంశం లెక్కలో ఎక్కడివక్కడే. అడ్డంగా చూస్తే మాత్రం అమరావతి, భీమవరం, పాలకొల్లు మూడూ అక్షాంశం 16.5 దగ్గరే, ఏడు కిలోమీటర్ల తేడాలో ఉన్నాయి. నాకు బుద్ధి పుడితే రేపు పొద్దున్నే "16.5 డిగ్రీల అమరలింగ రేఖ" అని ఒక ఫార్వర్డు తయారుచేస్తాను. విజయవాడ రైల్వే స్టేషను కూడా దాని మీదే ఉంది, ప్రయాణ సౌకర్యం కూడా. నిలువుగా కుదరకపోతే అడ్డంగా, అడ్డంగా కుదరకపోతే ఐమూలగా. అయిదు కుదరకపోతే మూడు. శివుడు కుదరకపోతే అష్టాదశ పీఠాలు. ఇన్ని గీతలు ప్రయత్నించే వీలున్నప్పుడు ఎక్కడో ఒకచోట మూడు చుక్కలు 700 మీటర్ల తేడాలో కలవడం అద్భుతం కాదు. ఎక్కడా కలవకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఇప్పుడు పూర్వీకుల సంగతి. ఫార్వర్డు రాసినవాళ్లకు పూర్వీకుల మీద ఉన్న గౌరవం ఎంతో చూద్దాం. 79 అనే అంకె ఎక్కడిది? ఇంగ్లండులోని గ్రీనిచ్ నుంచి లెక్కపెట్టిన అంకె. దాన్ని ప్రపంచానికి సున్నా గీతగా ఎంచింది 1884లో, వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో. కాబట్టి "మన రుషులు 79 డిగ్రీలు ఎంచుకున్నారు" అంటే రుషులు గ్రీనిచ్ వెళ్లి వచ్చారని అర్థం. మన జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు సొంత సున్నా గీత ఉండేది. సూర్యసిద్ధాంతం చదివినవాళ్లకు తెలుస్తుంది. లంక మీదుగా, అవంతి అంటే ఉజ్జయిని మీదుగా పోయే గీత. వాళ్లు దేశాంతరం లెక్కకట్టింది దాని నుంచి. ఉజ్జయిని ఎక్కడుంది? 75.77 దగ్గర. అక్కడ ఏముంది? మహాకాళేశ్వరుడు, జ్యోతిర్లింగం! మన పూర్వీకులు నిజంగా గీసుకున్న గీత మీద నిజంగా ఉన్న శివుడు ఒక్కడు, ఆ ఒక్కడికే ఈ జాబితాలో చోటు లేదు. ఇంతకన్నా పూర్వీకులకు అవమానం నేను చేయలేను.

వాళ్లు రేఖాంశం ఎలా కొలిచేవారో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ కథ ఈ ఫార్వర్డు కన్నా అందమైనది. చంద్రగ్రహణం అన్ని ఊళ్లకూ ఒకే క్షణంలో పడుతుంది. ఒక్కో ఊళ్లో స్థానిక సమయం వేరు. ఆ తేడా తెలిస్తే రేఖాంశం తేడా తెలుస్తుంది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది గనుక ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. వాళ్ల దగ్గరున్నది నీటి గడియారం. ఘడియ అంటే 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు. ఒక్క విఘడియ తప్పితే 11 కిలోమీటర్లు తప్పినట్టే. 700 మీటర్ల తేడా రాబట్టాలంటే గ్రహణం పట్టిన క్షణాన్ని ఒకటిన్నర సెకను లోపల పట్టుకోవాలి. చంద్రుడి మీద భూమి నీడ అంచు మసకగా ఉంటుంది, కంటితో ఆ క్షణం అంత కచ్చితంగా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఉన్న పనిముట్లతో ఆ మాత్రం లెక్క కట్టారే అని నేను దణ్ణం పెడతాను. లేని శాటిలైటు అంటగడితే ఆ కష్టం ఎవరికీ తెలియకుండా పోతుంది.

నిజంగా దేశం మధ్యలో నిలువు గీత కొలిచినవాళ్లు ఉన్నారు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టాడు, తర్వాత జార్జి ఎవరెస్టు అందుకున్నాడు, 78 డిగ్రీల రేఖాంశం వెంబడి హిమాలయాల దాకా వెళ్లేసరికి 1840లు వచ్చాయి. అర టన్ను బరువు థియోడొలైటు యంత్రాన్ని 1808లో తంజావూరు పెద్ద గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి దెబ్బతింది. ఒక్క గీత కొలవడానికి నలభై ఏళ్లు, అడవి జ్వరాలు, ఎన్ని ప్రాణాలో! మనవాడు స్కెచ్ పెన్నుతో అర సెకనులో గీసేశాడు.

గ్లోబు మీద గీతలు చూసి బోల్తాపడటం మన ఒక్కళ్ల జబ్బు అనుకోకండి. గూగుల్ ఎర్త్ 2005 జూన్‌లో వచ్చింది. అంతకుముందు ఏడు గూగుల్ కొనుక్కున్న కీహోల్ అనే కంపెనీ సరుకు అది. 2009లో సముద్రం అడుగు కూడా చూపించడం మొదలుపెట్టగానే ఆఫ్రికా పడమటి తీరాన, కెనరీ దీవుల దగ్గర, గళ్లుగళ్లుగా వీధుల్లాంటి గీతలు కనిపించాయి. ఇంకేముంది, మునిగిపోయిన అట్లాంటిస్ దొరికిందన్నారు. అవి సోనారుతో లోతు కొలుస్తూ ఓడలు పోయిన దారులు. ఓడ పోయినచోట కొలత ఉంది, పోనిచోట అంచనా ఉంది, రెండూ కలిసిన అతుకు గీతలా కనబడింది. గ్లోబంతా అతుకుల బొంతే. వేరువేరు రోజుల్లో, వేరువేరు శాటిలైట్లూ విమానాలూ తీసిన ఫోటోలను కుట్టి ఎత్తుపల్లాల మీద కప్పిన దుప్పటి. అతుకును నగరం అనుకున్నవాళ్లకు, 2002లో మన దగ్గర "నాసా ఫోటో" అని రామసేతును 17.5 లక్షల ఏళ్లదిగా తేల్చినవాళ్లకు తేడా లేదు. ఫోటోలో ఇసుక మేటలు కనబడతాయి, వయసు కనబడదు. కట్టింది మనుషులో కాదో ఆ ఫోటోలు చెప్పలేవని నాసావాళ్లే అన్నారు. అయినా మన మానవజాతి వయసే సుమారు మూడు లక్షల ఏళ్లు.

2005 అక్టోబరులో అప్పటి రాష్ట్రపతి కలాం గారు హైదరాబాదులో పోలీసు అధికారులతో మాట్లాడుతూ ఈ గ్లోబువల్ల దేశభద్రతకు ముప్పు ఉందన్నారు. రక్షణ పద్దుల్లో పనిచేసేవాణ్ణి గనుక మా ఆఫీసులో అది రోజుల తరబడి చర్చ. శత్రువు మన స్థావరాలు చూసేస్తాడని భయం. 2009లో ఇస్రో వారి భువన్ కూడా వచ్చింది, మన బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ తయారీ. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, మా అపార్ట్‌మెంటు వాస్తు పండితుడు ట్యాబ్‌లో గ్లోబు తెరిచి, పక్క వీధి వాటర్ ట్యాంకు మీకు ఆగ్నేయంలో పడిందండీ అని చెప్పి ఫీజు పుచ్చుకుంటున్నాడు. పాతికవేల రూపాయల ట్యాబు, పాతకాలపు భయం.

సరిగ్గా వాడినవాడు ఒకడున్నాడు, పేరు సారూ బ్రియర్లీ. అయిదేళ్ల వయసులో, 1986లో, మధ్యప్రదేశ్‌లో రైల్లో నిద్రపోయి కలకత్తాలో తేలాడు. ఆస్ట్రేలియా దంపతులు పెంచుకున్నారు. పెద్దయ్యాక రైలు ఎన్ని గంటలు నడిచి ఉంటుంది, ఎంత వేగం అని లెక్కవేసి, కలకత్తా నుంచి పోయే పట్టాలన్నీ గూగుల్ ఎర్త్‌లో ఒక్కొక్కటే వెంబడించాడు. ఒక స్టేషను, దగ్గర్లో నీళ్ల ట్యాంకు, ఒక వంతెన, ఇవీ అతని గుర్తులు. గుర్తులు ముందు, వెతకడం తర్వాత. కుదరని స్టేషన్లను కొట్టేస్తూ పోయాడు. 2011లో ఖండ్వా దొరికింది. అప్పుడైనా దొరికిందని ఊరుకోలేదు, 2012లో విమానమెక్కి వెళ్లి తల్లి ముందు నిలబడ్డాడు. కజకిస్తాన్‌లో ద్మిత్రీ దేయ్ అనే ఔత్సాహికుడు 2007లో పిరమిడ్ల కోసం ఇదే గ్లోబులో వెతికాడు. పిరమిడ్లు లేవు, నేలమీద మట్టి దిబ్బలతో పేర్చిన పెద్ద చతురస్రం కనబడింది. అతనూ అక్కడికి వెళ్లి చూశాడు, పురాతత్వవేత్తలు తవ్వి చూశారు. అనుకున్నది దొరకలేదని ఒప్పుకుంటేనే అనుకోనిది దొరికింది.

మన ఊళ్లలోనూ ఆ పని ఉంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫోటోలు చూపించే పట్టీ ఉంది. మా ఇంటి దగ్గర చెరువు మీద పెట్టి ఏడాది ఏడాది జరుపుతూ చూశాను. ముందు నీళ్లు, తర్వాత మట్టి, తర్వాత ఇళ్ల కప్పులు. ఎవరో చెప్పిన మాట కాదు, తేదీలతో ఉన్న ఫోటోలు. 2024లో హైడ్రా కూల్చివేతలు మొదలయ్యాకే మా కాలనీలో ఆ మాట వినిపించింది. శ్రీకాళహస్తి సంగతే తీసుకోండి. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం బీటలువారి 2010 మే 26న కూలిపోయింది. వాయులింగం ఎన్నో డిగ్రీ మీద ఉందో లెక్కపెట్టే భక్తులకు బీట వెడల్పు కొలవాలన్న ధ్యాస ఉంటే బాగుండేది.

గుడికి పోవడం, పోకపోవడం మీ ఇష్టం. నేను పోను, మా ఆవిడ పోతుంది, ముప్పై ఎనిమిదేళ్లుగా కలిసే ఉన్నాం. భక్తికి సర్టిఫికెట్టు కావాలంటే దేవుణ్ణి అడగండి, రేఖాంశాన్ని అడక్కండి. ఆ సర్టిఫికెట్టు సైన్సు ఎగ్జిబిషన్లో ఇస్తే మాత్రం నేను ఊరుకోను.

ఆ రాత్రి మనవరాలికి ఇదంతా ఒకేసారి చెప్పలేదు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, స్కేలు బొమ్మ నొక్కి, కంచి నుంచి అరుణాచలం వరుసకు నువ్వే కొలువమ్మా అన్నాను. కొలిచింది. జంబుకేశ్వరం కూడా తనే కొలిచింది. కాసేపు మాట్లాడలేదు. "తాతయ్యా, అయితే కప్పు తిరిగి ఇచ్చెయ్యాలా?" అంది. అది నీ ఇష్టం అన్నాను. మర్నాడు కొలతలన్నీ నోటుపుస్తకంలో రాసుకుని తీసుకెళ్లి టీచరుకు చూపించింది. సిలబస్ అయ్యాక చూద్దాం అన్నారట. కప్పు మా షోకేసులోనే ఉంది. చార్టు వెనక వైపు మాత్రం ఇప్పుడు తొమ్మిది జంక్షన్లున్నాయి, కాజీపేటకు నీలిరంగు వేసింది.